ఒక టిన్ను పిండి, నాలుగు టిన్నుల కేకు

నేను ఎవరి దగ్గరా చెయ్యి చాపను. భవానీపూర్‌లో మా సందులో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. కొందరు మెచ్చుకుంటూ చెబుతారు, మా అత్త గురవమ్మ మూతి తిప్పుకుంటూ చెబుతుంది. చెప్పుకోనివ్వండి, నాకేం!

క్రిస్మస్ వచ్చిందంటే మా ఇంటినుంచి సందులో ప్రతి గడపకీ పళ్ళెం వెళ్ళాల్సిందే. కేకు ముక్కలు, పైన మా అత్త అల్లిన లేసు గుడ్డ. ఆ పళ్ళెం అందుకున్నవాళ్ళు దాన్ని ఖాళీగా తిప్పి పంపకూడదు, కనీసం గుప్పెడు పంచదారైనా పొయ్యాలి. ఇది మావాళ్ళ ఆనవాయితీ. మొదటి ఏడాది ఎదురింటి అభిజిత్‌దా పాపం తెలియక పళ్ళేన్ని తళతళా కడిగి తెచ్చి ఇచ్చారు. రిటైరైన బ్యాంకు ఆఫీసరు, పెద్దమనిషి. అయినా నేను ఊరుకుంటానా! "దాదా, మా ఇళ్ళల్లో ఖాళీ పళ్ళెం ఇచ్చారంటే కొట్లాటకి రమ్మన్నట్టే" అన్నాను. ఆ రోజునుంచి ఈ రోజువరకూ సందులో ఒక్క పళ్ళెం ఖాళీగా తిరిగి రాలేదు. బెంగాలీలకీ, బీహారువాళ్ళకీ అందరికీ నేనే నేర్పాను. నేర్పిన పాఠం నా నెత్తికే తగులుతుందని అప్పుడు తెలియదు.

ఈ ఏడు దుర్గా పూజ అవుతూనే మా ఆయన ఆదాముకి పని పోయింది. ఓడరేవు డాకులో సరుకు దింపే పని, కాంట్రాక్టు మనిషి. కాంట్రాక్టు అయిపోయిందన్నారు, పిలిచినప్పుడు రమ్మన్నారు, మళ్ళీ పిలవలేదు. ఇంటి గుట్టు లంకకు చేటని నేను ఆ రోజే ఒక కట్టుబాటు పెట్టాను. ఈ సంగతి గడప దాటకూడదు. ఆదాము రోజూ పొద్దున్నే పని చొక్కా తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని, ఎప్పట్లాగే సందంతా చూస్తుండగా బయల్దేరాలి. పని వెతుక్కోవాలి, దొరక్కపోతే గంగ ఒడ్డున ఘాట్ మెట్ల మీద కూర్చోవాలి, సాయంత్రం ఎప్పుడూ వచ్చే వేళకే రావాలి. నేను చొక్కా ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి ఉంచేదాన్ని. వరండాలో అందరి బట్టలూ ఆరే తాడు మీదే దర్జాగా ఆరేసేదాన్ని. ఎవరికైనా అనుమానం వస్తుందా? రాదు గాక రాదు అనుకున్నాను.

డిసెంబరు వచ్చింది. గుట్టు నిలబడాలంటే పళ్ళేలు వెళ్ళాలి. పళ్ళేలు వెళ్ళాలంటే కేకు కావాలి.

"ఈ ఏటికి కేకు మానీసినా ప్రెబువు ఏటీ అనుకోడే" అంది మా అత్త.

"ప్రెబువు అనుకోడత్తా. సందు అనుకుంటాది" అన్నాను.

ఈ ఊళ్ళో క్రిస్మస్ కేకు సంగతి వేరు. ఇంట్లో కేకు కాల్చే పొయ్యిలేనివాళ్ళం అందరం ఎవరి పిండి, పంచదార, వెన్న, గుడ్లు వాళ్ళు మూటగట్టుకుని సందు చివర అనిసూర్ చాచా బేకరీకి పోతాం. వాళ్ళు మా కళ్ళముందే పెద్ద గిన్నెలో చేత్తో కలిపి, టిన్నుల్లో పోసి, మీద పేరు రాసిన చీటీ పెట్టి, కట్టెల భట్టీలోకి తోస్తారు. కూలి మాత్రం ఇస్తే చాలు. మతంతో పనిలేదు, ఇక్కడివాళ్ళు పెద్దరోజు అనే క్రిస్మస్‌కి అందరికీ కేకు కావాలి. పొద్దున్నుంచే వరస. ఆ వరసలో అసలు పని ఏమిటంటే కాపలా. కళ్ళు పక్కకి తిప్పితే మన వెన్న పక్కవాళ్ళ గిన్నెలోకి నడిచి వెళ్ళిపోతుందని మా అందరి గట్టి నమ్మకం. కాపలాలో నన్ను మించినది లేదు. ఒక ఏడాది అనిసూర్ చాచా చేతులు కడుక్కోబోతుంటే ఆపి, "ఆ వేళ్ళ సందుల్లో అంటుకున్నది కూడా నాదే, దులుపు" అన్నదాన్ని నేను.

ఈసారి నా సరుకు ఒక్క టిన్నుకే. అదీ బొటాబొటీ. పిండి, పంచదార, కాస్త వెన్న, ఇంట్లో మిగిలిన గుడ్లు. కిస్మిస్ లేదు, జీడిపప్పు లేదు. ఆ ఒక్క కేకునే పల్చగా కోసి సందంతా సర్దాలని నా ఎత్తు. గిన్నె మీద తువ్వాలు కప్పి, తువ్వాలు మీద చెయ్యి పెట్టి వరసలో నిలబడ్డాను. నా ముందు హెప్సీ, మా చర్చిలో పాటలు పాడే అమ్మాయి. నా వెనక సంచీతో అభిజిత్‌దా. ఆయన వెనక మా పక్క వాటా సన్యాసమ్మ, నేను అప్పా అని పిలిచే అక్క. వాళ్ళాయన గోవిందరాజు కూడా డాకులోనే పని. శ్రీకాకుళంనుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా ఆవిడ గొంతు మాత్రం ఇంకా అక్కడి సముద్రం ఒడ్డునే ఉంది.

"ఏటే విజియా, తువ్వాలు కప్పీసినావు? బంగారం తెచ్చినావేటి?" అంది సన్యాసమ్మ.

"ఈగలప్పా" అన్నాను. డిసెంబరు చలిలో ఈగలెక్కడివి! ఆవిడ తువ్వాలుకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసింది. కాసేపటికి బయటికి వెళ్ళింది, వెంటనే కేకలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఒలే విజియా! కుళాయికి నీళ్ళొచ్చీసినాయే! నీ బకెట్టు తన్నీసి ఎవులో డ్రమ్ము ఎట్టీసినారే!"

నా బకెట్టు తన్నేశారా! నాకు ఒళ్ళు మండిపోయింది.

"గిన్నె నాను సూస్తాను, నువ్వు బేగెల్లు!" అంది సన్యాసమ్మ.

కొంగు బిగించి పరిగెత్తాను. వెళ్ళి చూస్తే ఏముంది? నా బకెట్టు బకెట్ల వరసలో తన చోటే బుద్ధిగా ఉంది. కుళాయి మీద కాకి కూర్చుని ఉంది. చుక్క నీళ్ళు లేవు. కాకిని నాలుగు తిట్టి వెనక్కి వచ్చేసరికి అనిసూర్ చాచా మోచేతులదాకా పిండిలో ఉన్నాడు.

"వచ్చావా భాభీ! నీ వంతు వచ్చేసింది, నేనే మొదలెట్టేశాను" అన్నాడు హిందీలో.

"నేను లేకుండా మొదలెట్టడమేమిటి? అంత పెద్ద గిన్నెలోనా?"

"చిన్నవి ఖాళీ లేవు భాభీ."

గిన్నెలోకి తొంగిచూడబోతే, పిండి మొహం మీద చిందుతుందని అడ్డం తిరిగాడు. సన్యాసమ్మను పట్టుకున్నాను. "కుళాయి ఎండిపోయి ఉన్నాదప్పా!"

"నువ్వెల్లేలోగ ఆగిపోనాయేమోలేయే. కార్పొరేసను నీళ్ళు, నాకేటి తెలుసు!" అంది. అభిజిత్‌దా బేకరీ పైకప్పుకేసి చూస్తున్నారు. అక్కడ బూజు తప్ప ఏమీ లేదు. హెప్సీ రుమాలు అడ్డం పెట్టుకుని ఒకటే దగ్గు. పాపం చలి పట్టిందేమోనని మిరియాల కషాయం తాగమని చెప్పాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సాయంత్రం టిన్ను తెచ్చుకోవడానికి వెళ్తే అనిసూర్ చాచా నాలుగు టిన్నులు నా ముందు పెట్టాడు. నాలుగింటి మీదా నా పేరు చీటీలే. పొంగి, గోధుమరంగు తిరిగి, పైన చీలి, వాసన సందు మొదటిదాకా కొడుతోంది.

"ఇవి నావి కావు చాచా."

"పేరు నీదే కదా భాభీ."

"నేనిచ్చిన పిండికి ఇన్ని కేకులా?"

"పొంగింది."

"పొంగితే కేకు పెద్దదవుతుంది గాని పిల్లల్ని పెడుతుందా!"

వెనక వరసలో వాళ్ళు "దీదీ, పక్కకి జరుగు" అని గోల. చాచా నావైపు చూడకుండా ఒక టిన్ను కూలి మాత్రం తీసుకుని, "నెక్స్ట్!" అని అరిచాడు. నాలుగు టిన్నులూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, గడ్డంతో అదిమిపట్టి ఇంటికొచ్చాను.

మా అత్త చూడగానే చేతులు పైకెత్తింది. "ఐదు రొట్టెలు, రెండు సేపలు! ఓలమ్మో, మా ఇంట్లోనే జరిగిపోనాదే!" అని మోకాళ్ళ మీద పడబోయింది.

"ప్రెబువు రొట్టెలు ఎక్కువ సేసినాడు గాని అందులో కిస్మిస్ ఎయ్యలేదత్తా" అన్నాను, కేకు అంచు గిల్లి నోట్లో వేసుకుంటూ. కిస్మిస్ ఉంది. జీడిపప్పు ఉంది. అంతటితో ఆగిందా? కమలా తొక్క తగిలింది. దాని వెనక ఈతబెల్లం, ఇక్కడి చలికాలం బెల్లం, పొగ వాసనతో. చివర్లో గొంతులో సన్నగా సొంఠి ఘాటు. నేను వేసినవి ఇవేవీ కావు.

ఆదాము వచ్చాడు, ఒక ముక్క తిన్నాడు, కళ్ళు మూసుకున్నాడు. "ఎంత బాగున్నాదే!"

"బాగుంటాది. దొంగసొమ్ము ఎప్పుడూ బాగుంటాది! బేకరీలో టిన్నులు కలగాపులగం అయిపోనాయి. ఎవరింట్లోనో పిల్లలు కేకు లేక ఏడుస్తా ఉంటారు. క్రిస్మస్ పూట మనం ఎవరిదో తినీసి పాటలు పాడుకుందుమా?"

"అయితే రేపు ఎవరిదో అడిగి ఇచ్చీ" అన్నాడు.

అడగడం అంత తేలికా? ఎవరివని అడిగితే నీవెన్ని అంటారు. నావి ఒక్కటే అని చెబితే, ఎందుకొక్కటే అంటారు. రెండు నెలలు గంజిపెట్టి కాపాడుకొచ్చిన గుట్టు కేకు ముక్క మీద రట్టయిపోతుంది. చెప్పకపోతే దొంగనవుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తెల్లారేసరికి నాకొక ఉపాయం తట్టింది. రుచి పట్టుకుని ఇంటిని పట్టుకోవాలి! మా సందులో కేకులో కమలా తొక్క వేసేది హెప్సీ ఒక్కతే. ఇరవైనాలుగో తారీకు పొద్దున్నే ఒక కేకు కోసి, పళ్ళెంలో పెట్టుకుని బయల్దేరాను.

"హెప్సీ, నీ కేకు పొరపాటున నా దగ్గరికి వచ్చినట్టుందమ్మా."

"వందనాలక్కా! నా కేకు నా దగ్గరే ఉందిగా, ఇదిగో" అంది. నిజంగానే ఉంది. రుమాలు లేదు గాని మళ్ళీ దగ్గు మొదలైంది. నా పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని, ఆ చోట్లో గులాబీ పువ్వుల పిండివంటలు గుట్టగా పోసింది.

"ఇదెందుకే?"

"పళ్ళెం ఖాళీగా పంపకూడదు కదక్కా."

ఇక ఈతబెల్లం. అది తప్పకుండా అభిజిత్‌దా వాళ్ళది. ఆ పెద్దమనిషి చలికాలం వస్తే బెల్లం లేకుండా టీ కూడా ముట్టరు. తలుపు తీసి, నేను నోరు విప్పకముందే పళ్ళెంలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని, "దారుణ్!" అన్నారు. బాగుందనడానికి బెంగాలీలు దారుణం అంటారు, అది నాకు ఎప్పుడూ వింతే. కేకు తమది కాదన్నారు. లోపలినుంచి ఆయన భార్య వచ్చి పళ్ళెం మీద పేలాల మోవా ఉండలు పేర్చింది. ఆ మీద ఒక కాలీఫ్లవర్ పెట్టింది, నా తలకాయంత ఉంది.

"ఇదేమిటి బౌదీ?"

"పళ్ళెం ఖాళీగా పంపకూడదని నువ్వే కదా అన్నావు!"

"పళ్ళెం ఖాళీగా లేదు కదా!"

"ఈ పక్క కొంచెం ఖాళీగా ఉంది" అంది.

నాకు కోపం నషాళానికి అంటింది. ఒకటి తిరిగి ఇద్దామని వెళ్తే రెండు అంటగడుతున్నారు! ఈ లెక్కన సందు చివరిదాకా వెళ్తే తోపుడు బండి కట్టుకోవాలి. కాలీఫ్లవర్‌ని చంకలో ఇరికించుకుని, పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని, మిగిలిన సొంఠి కోసం సన్యాసమ్మ గడప ఎక్కాను.

ఆవిడ నన్ను చూసింది. చంకలో కాలీఫ్లవర్‌ని చూసింది. అంతే, గోడకి జారబడి కూర్చుండిపోయి నవ్వడం మొదలెట్టింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, మాట రావడం లేదు.

"అప్పా, ఈ కేకులో సొంఠి నీదేనా కాదా?"

"నాదే!"

"అయితే ఈ కేకు నీదే. తీసుకో."

"కేకు నీదేనే తిక్కదానా! సొంఠి నాది. తొక్క హెప్సీది, బెల్లం ఆ బాబుది. నువ్వు కాకిని తిట్టడానికి పోయినప్పుడు వరసలో ఉన్నోళ్ళందరం తలా గుప్పిడు నీ గిన్నెలో ఏసీసినాం. పిండి, గుడ్లు, వెన్న, ఎవులికాడ ఏటుంటే అది. ఆ బేకరీ ముసిలోడైతే డబ్బాడు జీడిపప్పు ఒంపీసినాడు!"

 సందులో అందరూ ఒకటై నాకు తెలియకుండా నా గిన్నె నింపారా? కాపలాలో నన్ను మించినది లేదనుకున్నానే!

"ఎందుకేసినారు? మాకేటి తక్కువ? మా ఆయన రోజూ పనికెల్తన్నాడు" అన్నాను.

సన్యాసమ్మ నవ్వు ఆపింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఒలే, మా ఆయన రోజూ మజ్జానం డాకునుంచొచ్చి మీ ఆయనతోటి ఘాట్ మెట్ల మీద ఒకే కేరేజీ తింతన్నాడు. అది సరే. డాకులో పని సేసొచ్చినోడి సొక్కా ఎలగుంటాదో నాకు తెలీదేటి? మా ఆయన సొక్కా ఎన్ని ఉతుకులుతికినా గిరీజు పోదు. మీ తాడు మీద సొక్కాలు రెండు నెల్లనుంచి మల్లిపువ్వుల్లాగ ఆరతన్నాయి. ఈ సందులో గుడ్డోడికైనా తెలిసిపోద్ది!"

గంజి! ఇస్త్రీ! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తనను ఎవరూ చూడలేదనుకుంటుందంటారు. నేను ఆ పాలగిన్నెని వరండాలో తాడు కట్టి మరీ ఆరేశాను. సిగ్గూ, ఏడుపూ, కోపం మూడూ కలిసి వచ్చాయి. అందులో కోపమే నాకు అలవాటు కాబట్టి దాన్నే పట్టుకున్నాను.

"నాను ఎవులి సొమ్మూ ఉంచుకోను. ఎవులిది వాళ్ళకి ఇచ్చీస్తాను. ఎవులు గుడ్లేసినారు, ఎవులు వెన్నేసినారు, సెప్పు!"

సన్యాసమ్మ పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి నా మొహం ముందు పెట్టింది.

"ఇదిగో. ఇందులో హెప్సీ గుడ్డు ఏదో, నా గుడ్డు ఏదో, నీ గుడ్డు ఏదో తీసి సూపెట్టు. తీసిచ్చీ మరి, ఇప్పుడే పట్టుకుపోతాను."

ఆ ముక్కను ఇటూ అటూ తిప్పి చూశాను. ఏముంది చూడ్డానికి! కలిసిపోయింది, కాలిపోయింది, కేకైపోయింది. దేవుడు దిగొచ్చినా విడదీయలేడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. చంకలో కాలీఫ్లవర్ జారిపోయి మెట్ల మీదినుంచి దొర్లుకుంటూ సందులోకి పోయింది. ఇద్దరం దాన్ని చూసి మళ్ళీ నవ్వాం, కడుపు పట్టుకుని నవ్వాం.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లోంచి ఆదాము బయటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో క్యారేజీ, మెడ నిటారుగా. కాలీఫ్లవర్ దొర్లుకుంటూ పోయి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన దాన్ని చూసి, ఏమీ ఎరగనట్టు పక్కనుంచి నడిచాడు. రెండు నెలలుగా నేను నేర్పిన నడక అది. ఎవరికోసం నడుస్తున్నాడు పాపం! గడప మీద నిలబడి, సందంతా వినపడేటట్టు గట్టిగా అరిచాను.

"ఏటయ్యా! పని లేనోడివి కేరేజీ అట్టుకుని ఎక్కడికెల్తావు? ఇలగ రా! పళ్ళేలు పంచాల!"

ఆదాము బిగుసుకుపోయి నావైపు చూశాడు. నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నాడట, తర్వాత చెప్పాడు. నేను నవ్వుతున్నానని తెలిశాక ఆయన భుజాలు రెండూ మెల్లగా దిగాయి. మా అరుగు మీద క్యారేజీ దించి, మెడ దగ్గర బొత్తాం విప్పుకున్నాడు.

"అమ్మయ్య! ఈ గంజి రెండు నెల్లనుంచి నా మెడ కోసీస్తన్నాదే!" అన్నాడు.

పై కిటికీలోంచి అభిజిత్‌దా పకపకా నవ్వారు. హెప్సీ వచ్చింది, దగ్గు పూర్తిగా తగ్గిపోయింది. ఆదాము లోపలికి వెళ్ళి లుంగీ కట్టుకుని వచ్చి, పట్టపగలు, అందరి ఎదుటా అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అభిజిత్‌దా కిందికి దిగొచ్చి, తన మేనల్లుడి గోడౌనులో మనిషి కావాలంటున్నాడని, పండగ వెళ్ళాక తీసుకెళ్తానని చెప్పారు. "ఇన్నాళ్ళూ చెబుదామంటే నువ్వు రోజూ పనికి వెళ్తుంటివి కదయ్యా!" అన్నారు.

నేను పళ్ళేలు పరిచి కేకులు కోశాను. పల్చగా కాదు, మందంగా. పెద్ద ముక్క అనిసూర్ చాచాకి తీసిపెట్టాను. మధ్యలో ఆదాముకి ఆకలేసి క్యారేజీ విప్పితే మూడు గిన్నెల్లోనూ కేకే ఉంది. మా అత్త సర్దింది. "ప్రెబువు ఇచ్చినప్పుడు అన్నమేలరా?" అంది.

నేనూ ఒక ముక్క తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. నమిలాను. కమలా తొక్క తగిలింది, బెల్లం తగిలింది, సొంఠి తగిలింది. నా పిండి ఇందులో ఎక్కడుందా అని వెతికాను. దొరకలేదు. ఇంకో ముక్క తీసుకున్నాను.